ఎక్స్-రే టెలిస్కోపు అద్దాన్ని నేలమీదే ఎలా కొలుస్తారు? వరండాలో మీరే చేసి చూడండి

దసరా సెలవులు అయ్యి సైన్స్ ఎగ్జిబిషన్ల హడావిడి మొదలవగానే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఇలా ఒడిశా వైపున్న మన తెలుగు పిల్లలందరూ ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఎక్స్-రే టెలిస్కోపు అద్దాన్ని రాకెట్ ఎక్కించకముందే కాలిబ్రేట్ చేస్తారట కదా, ఆ పని మేం ప్రాజెక్టుగా చేయొచ్చా, ఎక్స్-రేలు లేకుండా అవుతుందా అని. అవుతుంది. మామూలు ఎల్‌ఈడీ దీపం, అద్దం స్టికర్, పొడుగాటి వరండా, ఫోన్ చాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. నిజం ఎక్స్-రేల జోలికి పోవద్దు. పాత డెంటల్ మెషిన్ దొరికిందనో, వాక్యూమ్ ట్యూబుకి ఎక్కువ వోల్టేజి ఇస్తే వస్తాయట అనో ఎవరైనా చెప్తే వినకండి. మన దేశంలో ఎక్స్-రే పరికరం వాడాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, ఒంటికి జరిగే నష్టం సంగతి సరేసరి. లేజర్ కూడా వద్దు. కంటికి ప్రమాదం, పైగా తెరమీద చుక్కలు చుక్కలుగా పడి కొలతంతా పాడవుతుంది. ఇంకోటి, తయారైన అద్దాన్ని సరదాకైనా సూర్యుడి వైపు తిప్పొద్దు.

కాలిబ్రేషన్ అంటే చాలామంది “అద్దం బాగుంది” అని ముద్ర వేయడం అనుకుంటారు. కాదు. అద్దం ఎంత బాగాలేదో అంకెల్లో రాసిపెట్టడం. పైకి వెళ్ళాక మనుషులు వెళ్ళి సరిచేయడం దాదాపు కుదరదు కాబట్టి దాని వంకరలన్నీ కిందే తెలుసుకుని ఉంచుకుంటే తర్వాత లెక్కల్లో సరిపెట్టుకోవచ్చు. ఇందులో అసలు కష్టం ఎక్కడుందంటే, మీకు కనిపించిన వంకరల్లో ఏది అద్దానిది, ఏది మీ బల్లది, దీపానిది, వరండాది అని తేల్చడం. మీ ప్రాజెక్టులో దీనికే ఎక్కువ టైం పోవాలి. మిగతాది అతికించడం, కత్తిరించడం అంతే.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో. ఎక్స్-రేలు అద్దం మీద నిటారుగా పడితే లోపలికి దూరిపోతాయి, చాలా ఏటవాలుగా, ఒక డిగ్రీ అటూఇటూగా, రాసుకుంటూ వెళ్తేనే వెనక్కి మళ్ళుతాయి. అందుకే ఆ అద్దాలు పళ్ళెంలా కాకుండా గొట్టంలా ఉంటాయి. 1952లో హాన్స్ వోల్టర్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త రెండు గొట్టాలు వరుసగా పెట్టి, వెలుతురు రెండుసార్లు తగిలేలా ఒక అమరిక చెప్పాడు. చంద్రా, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ లాంటి అంతరిక్ష ఎక్స్-రే టెలిస్కోపులన్నీ అదే దారి. మనం ఒక్కసారి తగిలే సాదా శంకువు చేస్తాం. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం (2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్ళింది) లోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోపులో కూడా బంగారు పూత పూసిన పల్చటి అల్యూమినియం రేకుల శంకువులే ఉన్నాయి, కాకపోతే ఒకదాని వెనక ఒకటి రెండు వరసలు. దాని ఫోకస్ దూరం 2 మీటర్లు, మనది దాదాపు ఒకటి.

కావలసినవి

గోడకి అంటించే అద్దం స్టికర్ షీటు, ఎ4 సైజుది, వీలైనంత మందంగా ఉన్నది. పల్చటిది కొంటే అలలు అలలుగా ఉంటుంది, దానితో వేగలేరు. అద్దంలా మెరిసే స్టీలు రేకు దొరికితే ఇంకా మంచిది గానీ కోయడం కష్టం.

సన్‌బోర్డు, ఫ్లెక్సులు ప్రింట్ చేసే షాపులో ముక్కలు అడిగితే ఊరికే ఇచ్చినా ఇస్తారు. వాళ్ళ దగ్గర మెషిన్ కటింగ్ ఉంటే గుండ్రటి రంధ్రాలు అక్కడే కోయించేయండి, చేత్తో కోసిన గుండ్రం గుండ్రం కాదు.

తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, పవర్ బ్యాంక్‌తో వెలిగేది. ఇంటి కరెంటుతో వెలిగే బల్బు వద్దు, మన వైపు వోల్టేజి సంగతి మీకు తెలియంది కాదు. అల్యూమినియం ఫాయిల్, సూది, నల్ల అట్ట, ట్రేసింగ్ పేపరు, దారం, డబుల్ టేపు, టేపు కొలత, పాత విజిటింగ్ కార్డులు. ప్రో మోడ్ ఉన్న ఫోన్, కుదిరితే ఇంకో ఫోన్. కళ్ళజోళ్ళ షాపులో ప్లస్ 1 పవర్ కటకం ఒకటి, అది ఎందుకో ఏడో మెట్టులో చెప్తా.

చోటు 12 మీటర్ల పొడవు ఉండాలి. పాత బడుల వరండాలు, కాలేజీ కారిడార్లు బాగా పనికొస్తాయి. రాత్రిపూట చేయాలి. కరెంటు పోతే పండగే, ఊరంతా చీకటి.

1. ముందు జవాబు రాయండి

కత్తెర పట్టకముందే కాగితం మీద అంచనా వేసి, తేదీ వేసి, మాస్టారి చేత సంతకం పెట్టించండి. కొలిచాక అంచనా వేస్తే మనకు తెలియకుండానే అంకె కొలతకు దగ్గరగా జరుగుతుంది.

మన శంకువు పెద్ద మూతి వ్యాసార్ధం 40 మి.మీ., చిన్న మూతి 38, పొడవు 100. అంటే గోడ వాలు 2ని 100తో భాగిస్తే వచ్చేది, 0.02 రేడియన్లు (రేడియన్ కోణానికి కొలత). తగిలిన కిరణం దానికి రెండింతలు, 0.04 మళ్ళుతుంది. సగటు వ్యాసార్ధం 39. ఆకాశంలో నక్షత్రం నుంచి వచ్చే సమాంతర కిరణాలైతే ఫోకస్ 39ని 0.04తో భాగిస్తే వచ్చేది, 975 మి.మీ. మీ దీపం మాత్రం 10 మీటర్ల దూరంలోనే ఉంది, దాని కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి. ఆ విచ్చుకోవడం 39ని 10,000తో భాగిస్తే వచ్చే 0.0039, దాన్ని 0.04కి కలపండి. 39ని 0.0439తో భాగిస్తే 888 మి.మీ. ఇదీ మీ అంచనా. దూరం అద్దం మధ్య నుంచి కొలవాలి. వరండా 5 మీటర్లే ఉంటే 816 దగ్గరకి వస్తుంది.

చుక్క సైజు ఎంత సూక్ష్మంగా చేసినా 2.4 మి.మీ. కన్నా తగ్గదు, ఎందుకంటే శంకువు గోడ పొడవునా తిన్నగా ఉంటుంది, వంపు తిరగదు. చేత్తో చేసినదానికి అంతకు మూడు నాలుగు రెట్లు వచ్చినా దిగులు పడకండి.

2. శంకువు కోయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. దీర్ఘచతురస్రం కోసి చుట్టేసి శంకువు అనుకుంటారు. అది స్తంభం అవుతుంది. స్తంభంలో దీపం ఎంత దూరంలో ఉంటే ఫోకస్ కూడా అటువైపు అంతే దూరంలో పడుతుంది, 10 మీటర్లకి 10 మీటర్లు. మీ తెర మీద ఏమీ రాదు, అద్దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

నేలమీద మేకు కొట్టి (లేదా స్నేహితుడి బొటనవేలు కింద పెట్టి) 2 మీటర్ల దారంతో ఒక చాపం గీయండి, 1.9 మీటర్లతో ఇంకోటి. సాగని దారం తీసుకోండి, నైలాన్ వద్దు. షీటుకి వెనకవైపు గీయాలి. పెద్ద చాపం మీద 25.1 సెం.మీ. కొలిచి రెండు చివరల నుంచి మేకు వైపు గీతలు లాగండి. చిన్న చాపం మీద ఆ గీతల మధ్య దూరం కొలిస్తే 23.9 రావాలి. వస్తే గీత సరిగ్గా ఉంది, రాకపోతే మళ్ళీ గీయండి, కోశాక చూసుకుని లాభం లేదు. చాపం వంపు చాలా తక్కువ, నడుమ 4 మి.మీ. మాత్రమే ఉబ్బుతుంది. అందుకే స్కేలుతో గీసేద్దామా అనిపిస్తుంది. అలా చేస్తే మూతులు ఎగుడుదిగుడు అవుతాయి, ఫ్రేములో సరిగ్గా కూర్చోదు.

అద్దం ముఖం లోపలికి వచ్చేలా చుట్టి, అంచుకి అంచు ఆనించి బయటివైపు టేపు వేయండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించొద్దు, ఆ మెట్టు దగ్గర వెలుతురు చెదిరిపోతుంది. పైనున్న ప్లాస్టిక్ పొర ఇప్పుడే తీయకండి.

3. ఫ్రేమ్, అడ్డుబిళ్ళ

సన్‌బోర్డుతో 15 సెం.మీ. చదరపు పలకలు రెండు, సరిగ్గా నడుమ రంధ్రాలు, ఒకటి 80 మి.మీ. వ్యాసం, రెండోది 76, రెండింటికీ షీటు మందం రెండింతలు కలుపుకోండి. పలకలు చదరంగా ఉండాలి, రంధ్రం నట్టనడుమ ఉండాలి. ఎందుకంటే తర్వాత దీన్ని నాలుగు పక్కల మీదా తిప్పి కూర్చోబెడతాం. పక్కలకి 1, 2, 3, 4 అని అంకెలు వేసుకోండి.

గొట్టం మధ్యలోంచి వెలుతురు అద్దానికి తగలకుండా నేరుగా తెర మీదకి పోతుంది. దాన్ని ఆపడానికి నల్ల అట్టతో 75 మి.మీ. బిళ్ళ కోసి, పెద్ద మూతి దగ్గర మూడు సన్నటి దారాలతో నడుమ కట్టాలి. బిళ్ళ ఇప్పుడే కట్టేయకండి, అయిదో మెట్టు దాకా ఆగండి. చుట్టూ మిగిలిన సన్నటి సందులోంచి వచ్చే వెలుతురే మీ టెలిస్కోపుకి తిండి.

4. దీపం

ఎల్‌ఈడీ ముందు ఫాయిల్ పెట్టి సూదితో 1 మి.మీ. రంధ్రం పొడవండి. పెన్ను మొనతో పొడిస్తే చింపిరి అంచులు వస్తాయి. 10 మీటర్ల దూరంలో 1 మి.మీ. అంటే తెర మీద 0.1 మి.మీ. కూడా కాదు, కాబట్టి దీపం సైజు వల్ల మీ చుక్క పెద్దదైందని సాకు చెప్పే వీలుండదు. రంధ్రం పక్కల నుంచి వెలుతురు కారకుండా నల్ల టేపు వేయండి.

వెలిగించాక పావుగంట ఆగండి. ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ వెలుగు కొంచెం తగ్గుతుంది. ఆ తర్వాత కూడా నమ్మొద్దు. అద్దం పక్కనే ఒక తెల్ల అట్టముక్క నిలబెట్టి, రెండో ఫోన్‌తో ప్రతి కొలతకీ దాని ఫోటో తీసి ఉంచుకోండి. దీపం వెలుగు మారితే అది చెప్తుంది. అమెరికాలో హంట్స్‌విల్లోని మార్షల్ కేంద్రంలో చంద్రా అద్దాలని 1996 చివర నుంచి 1997 దాకా పరీక్షించినప్పుడు కూడా, అద్దం దాకా వచ్చే ఎక్స్-రే ధార ఎంతుందో చూడటానికి విడిగా డిటెక్టర్లు పెట్టారు. అక్కడ దీపం నుంచి అద్దానికి దూరం సుమారు 527 మీటర్లు, అదీ గాలి లేని గొట్టంలో. జర్మనీలో మ్యూనిక్ దగ్గరున్న పాంటర్ అనే పరీక్షా కేంద్రంలో గొట్టం దాదాపు 120 మీటర్లు. మీది పది.

దోమల చక్రం వెలిగించొద్దు! ఆ పొగలో దీపపు ధార మొత్తం మెరుస్తుంది, తెర మీద పొగమంచు పరుచుకుంటుంది. ఓడోమాస్ రాసుకోండి. ఫ్యాన్లు ఆపేయండి.

5. ఒకే వరుసలోకి తేవడం

రంధ్రం నుంచి తెర నడుమకి దారం బిగించి కట్టండి. ఆ దారం శంకువు రెండు మూతుల నడుమ నుంచి పోయేలా ఫ్రేమ్ జరపండి. స్కేలుతో నాలుగు వైపులా చూసుకున్నాక దారం తీసేసి, ప్లాస్టిక్ పొర ఒలిచి, అడ్డుబిళ్ళ కట్టండి. వేలు లోపలికి తగలనివ్వొద్దు.

దారంతో వచ్చేది మోటు అమరిక మాత్రమే. అసలు అమరిక వెలుతురే చెప్తుంది. అద్దం కాస్త పక్కకి వంగి ఉంటే తెర మీద చుక్క పడదు, ఉంగరం పడుతుంది. అర డిగ్రీ వంగితే ఉంగరం వ్యాసార్ధం దాదాపు 8 మి.మీ. ఒక్కసారే తగిలే అద్దాల గుణం అది. పైనున్న గోడ వెలుతురుని ఒకవైపుకి తోస్తే, పక్క గోడలు దానికి ఎదురువైపు తోస్తాయి, అన్నీ కలిసి ఉంగరం అవుతుంది. (వోల్టర్ రెండో అద్దం ఎందుకు పెట్టాడో ఈ ఉంగరం చూశాక ఎవరూ చెప్పక్కర్లేదు.) ఫ్రేమ్ కింద ఒక మూల కాగితం ముక్క పెడుతూ, తీస్తూ ఉంటే ఆ ఉంగరం మెల్లగా ముడుచుకుంటూ వచ్చి ఒకచోట చుక్కలా కూడుకుంటుంది, ఇంకాస్త తోస్తే మళ్ళీ రెండోవైపుకి విచ్చుకుంటుంది. ఆ రెండింటి నడుమ ఆపండి. తొందరపడొద్దు, ఈ ప్రాజెక్టులో చూడముచ్చటైన ఘట్టం ఇదే.

ఉంగరం ఎంతకీ ముడుచుకోకుండా కోడిగుడ్డులా మిగిలిపోతే శంకువు గుండ్రంగా లేదని అర్థం. అమరికతో కుస్తీ పట్టడం ఆపి రెండో మెట్టుకి వెళ్ళండి.

6. ఫోన్ నిజం చెప్తోందా

ట్రేసింగ్ పేపరు తెర, దాని వెనక ఫోన్, రెండూ ఒకే చెక్కబద్ద మీద గట్టిగా బిగించండి. తెరని జరిపితే ఫోన్ కూడా జరగాలి, మధ్య దూరం మారకూడదు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ, షట్టర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ లాక్ చేసి రా ఫైళ్ళు (ఫోన్ మెరుగులు దిద్దని ఫోటోలు) తీయండి. మామూలు జేపీజీ ఫోటో అందంగా కనిపించడం కోసం వెలుగుల్ని మార్చేస్తుంది, దాన్ని కొలతకి వాడొద్దు.

పరీక్ష ఇలా. ఏమీ కదపకుండా షట్టర్ టైం రెట్టింపు చేయండి. నలుపు (దీపం ఆర్పి తీసిన ఖాళీ ఫోటో) తీసేశాక కౌంట్లు, అంటే పిక్సెళ్ళలో నమోదైన వెలుగు అంకెలు, కూడా రెట్టింపు అవ్వాలి. 1.9 వస్తే పరవాలేదు, 1.5 వస్తే చుక్క నడుమ తెల్లగా కాలిపోయి ఉంటుంది, ఐఎస్ఓ తగ్గించండి. ఈ పరీక్ష చేయకుండా ముందుకి పోతే మిగతా అంకెలన్నీ చిత్తు కాగితాలు.

తెర మీద గ్రాఫ్ పేపరు అంటించి ఒక ఫోటో తీసి ఉంచుకుంటే మిల్లీమీటరుకి ఎన్ని పిక్సెళ్ళో తెలిసిపోతుంది. కౌంట్లు లెక్కపెట్టడానికి ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది.

7. ఫోకస్ పట్టడం

కంటితో చూసి “ఇదిగో ఇక్కడ సన్నగా ఉంది” అని గుర్తు పెట్టే వాళ్ళే ఎక్కువ. తెరని 1 సెం.మీ. జరిపితే ఉంగరం వ్యాసార్ధం 0.4 మి.మీ. పైచిలుకు మారుతుందంతే, చుక్క మసకలో అది కలిసిపోతుంది. కంటికి రెండు మూడు సెం.మీ. తేడా తెలియదు.

దానికి ఉపాయం ఉంది. ఫోకస్ అనుకున్న చోటు నుంచి దీపం వైపు 15 సెం.మీ. జరపండి, 13 మి.మీ. వ్యాసం ఉన్న ఉంగరం స్పష్టంగా కనిపిస్తుంది, కొలవండి. ఇప్పుడు తెరని అవతలి వైపుకి జరుపుతూ అంతే వ్యాసం మళ్ళీ ఎక్కడ వస్తుందో పట్టుకోండి. రెండు చోట్లకీ నడిమి బిందువే ఫోకస్. 10, 12, 18 సెం.మీ. దగ్గర కూడా ఇలాగే చేసి సగటు తీయండి. ఆ నడిమి బిందువులు ఒకదానికొకటి ఎంత దూరంగా పడ్డాయో అదే మీ కొలతలోని పొరపాటు హద్దు, అదీ రాయండి.

ఇప్పుడు కళ్ళజోడు కటకం తీయండి. ప్లస్ 1 పవర్ అంటే ఫోకస్ 1 మీటరు. శంకువు బదులు దాన్ని పెట్టి దీపం 10 మీటర్ల దూరంలోనే ఉంచి చూడండి. ఫోకస్ 111 సెం.మీ. దగ్గర పడుతుంది, అంటే 11 సెం.మీ. వెనక్కి పోయింది. శంకువుకి మాత్రం 97.5 నుంచి 88.8కి ముందుకి వచ్చింది! దీపం దగ్గర్లో ఉన్నందుకు ఒకటి వెనక్కి, ఒకటి ముందుకి. ఒక్కసారి ప్రతిఫలిస్తే కిరణం విచ్చుకున్న కోణం తిరగబడుతుంది, రెండుసార్లు ప్రతిఫలిస్తే మళ్ళీ మామూలు అవుతుంది. అందుకే రెండుసార్లు తగిలే చంద్రా అద్దాలు కటకంలా నడుచుకుంటాయి. వాటి ఫోకస్ దూరం 10 మీటర్లు, 527 మీటర్ల గొట్టంలో అది ఇంచుమించు 20 సెం.మీ. వెనక్కి పోతుంది. ఎక్స్‌ఎంఎం అద్దాల ఫోకస్ 7.5 మీటర్లు, పాంటర్ గొట్టంలో దాదాపు అర మీటరు వెనక్కి. పైకి వెళ్ళాక ఈ తేడా ఉండదు. ఇది అద్దం గుణం కాదు, పరీక్ష పెట్టిన చోటు గుణం, లెక్క కట్టి తీసేయాలి. శంకువుకైతే ఒకటి బై కొలిచిన ఫోకస్ లోంచి ఒకటి బై దీపం దూరం తీసేయండి. కటకానికైతే కలపండి. ఇంటర్నెట్లో దొరికే కటకం సూత్రాన్ని శంకువుకి వాడేసి 16 సెం.మీ. తప్పు జవాబుతో వచ్చేవాళ్ళు బోలెడుమంది.

8. చుక్క ఎంత పెద్దది

ఫోకస్ దగ్గర ఫోటో తీయండి. తర్వాత రెండు ఖాళీ ఫోటోలు. ఒకటి దీపం ఆర్పేసి. రెండోది దీపం వెలుగుతుండగానే శంకువు మూతిని అట్టతో మూసి. తీసేయాల్సింది రెండోదాన్ని, ఎందుకంటే గోడల మీద పడి తిరిగొచ్చే వెలుతురు దానిలోనే ఉంటుంది. మొదటిది కేవలం ఫోన్ సొంత గోల. రెండింటికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటే వరండా గోడలకి నల్ల గుడ్డ కట్టక తప్పదు.

చుక్క నడుమ కేంద్రంగా 1, 2, 3 మి.మీ. ఇలా పెద్దవవుతూ వలయాలు గీసి ఒక్కోదాని లోపలి కౌంట్లు మొత్తం కట్టండి. గ్రాఫ్ గీయండి. పైకి ఎక్కి ఎక్కి చదునుగా ఆగాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే ఖాళీ ఫోటోని సరిగ్గా తీసేయలేదు, పైకెక్కి కిందికి దిగితే ఎక్కువ తీసేశారు. చదును దగ్గరున్న మొత్తంలో సగం ఏ వ్యాసంలో వచ్చిందో అదే మీ అంకె. దాన్ని ఫోకస్ దూరంతో భాగించి 3438తో గుణిస్తే ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను). 8 మి.మీ. వస్తే 31 ఆర్క్ నిమిషాలు, అంటే మీ టెలిస్కోపు చంద్రబింబం కన్నా చిన్నదాన్ని చుక్కగానే చూస్తుంది. చంద్రా అర ఆర్క్ సెకను దాకా విడదీయగలదు. సిగ్గుపడక్కర్లేదు, అంకె నిజమైతే చాలు.

9. వెలుతురు ఎంత పట్టింది

శంకువు తీసేసి, తెరా ఫోనూ ఉన్న బద్దని అద్దం మూతి ఉన్న చోటే పెట్టి నేరు వెలుతురుని ఫోటో తీయండి. చాలా మసగ్గా ఉంటుంది, షట్టర్ ఎక్కువసేపు తెరవాలి, ఎంతసేపో రాసుకోండి. ఫోటో నడిమి భాగం నుంచి చదరపు సెం.మీ.కి సెకనుకి ఎన్ని కౌంట్లో లెక్కేయండి. ఎనిమిదో మెట్టులో వచ్చిన చుక్క మొత్తం కౌంట్లని (అదీ సెకనుకే) దీనితో భాగించండి. వచ్చేది చదరపు సెంటీమీటర్లలో అద్దం పట్టిన వైశాల్యం.

ఈ శంకువుకి లెక్క ప్రకారం ఎక్కువలో ఎక్కువ 5.8. అద్దం కొంత మింగుతుంది కాబట్టి తక్కువే రావాలి. 5.8 దాటితే కేకలు వేయకండి, పడినదానికన్నా ఎక్కువ బయటికి రాదు. బిళ్ళ పక్కనుంచి వెలుతురు కారుతోంది, లేదా ఫోన్ రెండు ఫోటోలకీ సెట్టింగులు మార్చేసింది. ఇంకో కిటుకు, సమాంతర కిరణాలకైతే ఇదే శంకువు 4.9 మాత్రమే పట్టగలదు. మిగతా 0.9 దీపం దగ్గర్లో ఉండటం వల్ల వచ్చింది, ఆకాశం అది ఇవ్వదు. రిపోర్టులో రెండూ రాయండి.

అసలు టెలిస్కోపుల్లో ఈ అంకె ఎక్స్-రే శక్తిని బట్టి మారిపోతుంది. చంద్రాకి ముందునుంచి చూస్తే 1145 చదరపు సెం.మీ. ఉంటుంది, పావు కిలో ఎలక్ట్రాన్ వోల్టు (ఎక్స్-రే శక్తికి కొలత) దగ్గర 800 పట్టుకుంటుంది, 5 దగ్గర 400, 8 దగ్గర 100 మాత్రమే. అందుకే కార్బన్, అల్యూమినియం, టైటానియం, రాగి లాంటి రకరకాల లోహాల, మూలకాల నుంచి వచ్చే ఎక్స్-రేలతో మళ్ళీ మళ్ళీ కొలుస్తారు. మీరు ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు మార్చి చూడొచ్చు గానీ పెద్ద తేడా కనిపించదు.

10. వంచి చూడడం

ఫ్రేమ్ ఒక చివర కింద విజిటింగ్ కార్డులు పెట్టండి. పది కార్డులు కలిపి కొలిచి ఒకదాని మందం తెలుసుకోండి. పలకల మధ్య 100 మి.మీ. కాబట్టి 0.87 మి.మీ. ఎత్తితే అర డిగ్రీ, సాధారణంగా మూడు కార్డులు. ఎత్తుని దూరంతో భాగించి కోణం తెలుసుకునే ఈ పద్ధతితోనే మన ఖగోళ శాస్త్రవేత్త పఠాణి సామంత తన కర్ర మానయంత్రం పెట్టి కోణాలు కొలిచాడు. ఒడిశా పిల్లలకి ఆయన గురించి నేను చెప్పాలా! ఉంగరం సైజు, మొత్తం కౌంట్లు రెండూ కోణానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి. 1.4 డిగ్రీలు దాటితే ఒకవైపు గోడకి అసలు వెలుతురే తగలదు, ఉంగరం తెగిపోతుంది.

11. నాలుగు పక్కల మీదా తిప్పండి

చాలామంది దీన్ని వదిలేస్తారు, టైం అయిపోయిందంటారు. నన్నడిగితే పదో మెట్టు వదిలేసినా సరే, దీన్ని మాత్రం చేయండి.

ఫ్రేమ్‌ని 1వ పక్క మీద కూర్చోబెట్టి చుక్క ఫోటో తీయండి. తర్వాత 2, 3, 4. చుక్కకి ఒకవైపు తోక ఉందనుకోండి. ఫ్రేమ్‌ని తిప్పినప్పుడు తోక కూడా దానితోపాటు తిరిగితే ఆ వంకర అద్దానిది, బహుశా అతుకు దగ్గరిది. ఫ్రేమ్ ఎటు తిప్పినా తోక ఎప్పుడూ కిందికే ఉంటే అది బరువుకి షీటు కుంగడం వల్లో, బల్ల వాలుగా ఉండటం వల్లో వచ్చింది. మొదటిది రిపోర్టులో అద్దం ఖాతాలో రాయాలి, రెండోది తీసేయాలి. నిజం టెలిస్కోపుల్నీ నేలమీద అడ్డంగా పడుకోబెట్టే పరీక్షిస్తారు, కుంగుతాయి. కక్ష్యలో బరువు ఉండదు కాబట్టి ఆ కుంగుదలని లెక్కలో విడదీయాల్సిందే.

రెండు పరీక్షలు రెండు మాటలు చెప్తే మీకు నచ్చినదాన్ని ఉంచుకుని రెండోది పారేయొద్దు. 1990లో వెళ్ళిన హబుల్ టెలిస్కోపుకి జరిగింది అదే. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మి.మీ. తేడాతో అమరింది, దాన్ని నమ్మి అద్దాన్ని తప్పు ఆకారంలో అరగదీశారు. ఇంకో పరికరం తేడా ఉందని చూపించినా అది అంత నిక్కచ్చిది కాదని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబర్లో వ్యోమగాములు వెళ్ళి సరిచేయాల్సి వచ్చింది.

12. రాసే పద్ధతి, ఎగ్జిబిషన్ రోజు

పట్టికలో నాలుగు గడులు పెట్టండి. అంచనా, కొలిచింది, బల్ల వల్ల వచ్చిన తేడా తీసేశాక మిగిలింది, పొరపాటు హద్దు. నాలుగో గడి ఖాళీగా ఉంటే మిగతా మూడూ దండగ. అంచనాకీ కొలతకీ కుదరకపోతే కుదరలేదనే రాయండి, జడ్జీలు దానికి మార్కులు కోయరు, కోస్తే వాళ్ళకి తెలియదన్నమాట.

“పైకి వెళ్ళాక మారిపోతే ఎలా?” అని తప్పకుండా అడుగుతారు. ఆస్ట్రోశాట్ సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోపు కెమెరా మూలల్లో ఐరన్-55 అనే రేడియోధార్మిక ముక్కలు పెట్టారని చెప్పండి. వాటినుంచి 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రేలు ఎప్పుడూ వస్తుంటాయి, కెమెరా దారి తప్పితే తెలిసిపోతుంది. అద్దం కోసం మాత్రం ఆకాశంలో క్రాబ్ నెబ్యులా లాంటి తెలిసిన వస్తువుల్ని చూసి సరిపోల్చుకుంటారు.

ఎగ్జిబిషన్ పగటిపూట, ట్యూబులైట్ల కింద జరుగుతుంది, అక్కడ మీ చుక్క కనిపించదు. ఫ్రిజ్ అట్టపెట్టెలు అతికించి లోపల నల్ల రంగు వేస్తే సొరంగం అవుతుంది, 5 మీటర్లు చాలు, అంచనా 816కి మార్చుకోండి. ఉంగరం ముడుచుకునే వీడియో ముందే రాత్రి తీసి ఫోన్లో ఉంచుకోండి. శంకువుని ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు మూతులు రెండూ మూసేయండి, మన రోడ్ల మీద దుమ్ము లోపలికి వెళ్తే గుడ్డతో తుడవాలనిపిస్తుంది. తుడవకండి, గీతలు పడతాయి, ఊది వదిలేయండి.